విఫలమయ్యారా, అసలు చేయనే లేదా?

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక జిల్లా పేజీల్లో ‘విఫలం’, ‘వైఫల్యం’, ‘ఫెయిల్’, ‘ఫెయిల్యూర్’ అనే మాటలు కనబడని రోజు ఉండదు. బోర్లు ఫెయిల్, వర్షాలు విఫలం, విత్తనం ఫెయిల్, బ్రేకులు ఫెయిల్, కిడ్నీలు ఫెయిల్, పదో తరగతిలో ఫెయిల్, నీళ్లివ్వడంలో అధికారులు విఫలం. ఇంగ్లీషులో ఇవన్నీ ‘ఫెయిల్యూర్’ అనే ఒక్క నామవాచకం కిందికే వస్తాయి, నిజమే. కానీ దాని ముందూ వెనకా చేరే చిన్న మాటలు అక్కడ అర్థాన్ని విడదీస్తాయి. తెలుగులోకి వచ్చేసరికి ఆ చిన్న మాటలు రాలిపోతున్నాయి. ఏం జరిగింది, ఎవరి వల్ల జరిగింది, మళ్లీ బాగుపడుతుందా అన్నది చదివినవాళ్లకు తెలియడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఇంగ్లీషు సంగతి. ‘ఫెయిల్యూర్’ పదిహేడో శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. మొదట దాని రూపం ‘ఫెయిలర్’. పాత ఫ్రెంచి క్రియ ఒకటి దానికి తల్లి, ఆ ఫ్రెంచి మాటకు మూలం లాటిన్ ‘ఫాల్లెరె’. మోసం చేయడం, కాలు జారేలా చేయడం అని ఆ లాటిన్ మాటకు అర్థం. ‘ఫాల్స్’, ‘ఫాల్ట్’ కూడా ఆ కడుపున పుట్టినవే. ‘ఈ ఏడు వాన మోసం చేసింది’ అని మన చేలగట్ల మీద అనే మాట ఆ మూలానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

వాడుకలో ఆ మాట చాలా దారులు పట్టింది. ముందు ఏ ఆర్టికలూ లేకుండా వస్తే గెలుపు దక్కని స్థితి. ‘ఎ’ చేరితే లెక్కపెట్టగల ఒక ఘటన, లేదా అనుకున్నది సాధించని పథకమో మనిషో. వస్తువు పేరో అవయవం పేరో ముందు చేరితే, పనిచేస్తున్నది ఆగిపోయింది లేదా దాని పని తగ్గిపోయింది. వ్యాపారానికి, బ్యాంకుకు అంటితే మూతబడింది. ఇక వెనక ‘టు’ చేరి క్రియ వస్తే, చేయవలసింది చేయలేదు అని. ఈ చివరి వాడుక తక్కినవాటికంటే బొత్తిగా వేరు. ‘ఫెయిల్యూర్ టు పే’ అంటే కట్టలేదు, అంతే. చేతిలో డబ్బు లేక కట్టలేదా, ఉండీ కట్టలేదా అన్నది ఆ మాట చెప్పదు. చట్టాల్లో, నోటీసుల్లో అది అంతగా కనబడేది అందుకే. ఉద్దేశం జోలికి పోకుండా, జరగలేదన్న సంగతినే పట్టుకుంటుంది.

మన ‘విఫలం’ అలాంటిది కాదు. ఫలం లేనిది విఫలం. ఫలం రాలేదనాలంటే ముందు దున్నాలి, విత్తాలి, కాపు కాయాలి. ప్రయత్నం జరిగి ఫలితం దక్కనప్పుడే ఆ మాటకు చోటు. ‘తాగునీటి ట్యాంకు శుభ్రం చేయించడంలో పంచాయతీ విఫలం’ అని శీర్షిక పెడితే, పాపం వాళ్లు పాటుపడ్డారు, పని కుదరలేదు అని తెలుగు చదువరికి తోస్తుంది. కింద వార్త చదివితే ఆరు నెలలుగా ఆ ట్యాంకు నిచ్చెన ఎక్కినవాళ్లే లేరని ఉంటుంది. ‘ట్యాంకు కడిగించని పంచాయతీ’ అంటే నిజమూ నిలుస్తుంది, అక్షరాలూ తగ్గుతాయి. ఇంగ్లీషు ‘ఫెయిల్డ్ టు’ను చూసి అచ్చంగా దింపుకున్న ఈ ‘చేయడంలో విఫలం’ అనే కట్టు, పని ఎగ్గొట్టినవారికి చేయని ప్రయత్నాన్ని ఉచితంగా అంటగడుతోంది. మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మరోవైపు, ఉన్న నలుగురు సిబ్బందితో రాత్రింబవళ్లు తిరిగి అంటువ్యాధిని ఆపలేకపోయిన ఆరోగ్య కేంద్రానికీ అదే ‘విఫలం’ పడుతోంది. అక్కడ ఆ మాట సరైనదే. కానీ రెండుచోట్లా ఒకటే వాడితే తేడా ఎలా తెలియాలి?

ఈ పని చేసే క్రియలు తెలుగులో ఏనాటినుంచో ఉన్నాయి. తప్పడం, చెడడం, పోవడం, ఓడడం. వాన తప్పింది, అదను తప్పింది, గురి తప్పింది, గడువు తప్పింది, మాట తప్పాడు, పరీక్ష తప్పాడు. అనుకున్న వేళకు అనుకున్నచోట ఉండవలసింది లేకపోవడం తప్పడం. ఉన్న వస్తువు గుణం పోగొట్టుకోవడం చెడడం: మోటారు చెడింది, మూత్రపిండాలు చెడిపోయాయి. ఉన్నట్టుండి జరిగేది పోవడం: కరెంటు పోయింది, ఫ్యూజు పోయింది. ఓడడం పోటీ ఉన్నచోటే. 1852లో అచ్చయిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును తయారుచేసిన బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టుకుని పనిచేసిన కడప మన పక్క ఊరే. ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం అక్కడే నడుస్తోంది. ఫెయిల్యూర్‌కు కొత్త మాట పుట్టించనక్కరలేదు, ఉన్నవాటిని సరైన చోట పెడితే చాలు.

ఇక బోరు దగ్గరకు వద్దాం. అనంతపురం జిల్లాలో ‘బోరు ఫెయిల్’ అనే రెండు మాటలకు కనీసం అయిదు అర్థాలున్నాయి. ఒక్కోదానికి ఖర్చు వేరు, మందు వేరు, బాధ్యులు వేరు.

మొదటిది నీళ్లు పడకపోవడం. మన కాళ్ల కింద చాలామేర గ్రానైటు, ‘నైస్’ అనే చారల గట్టి రాయి. ఆ రాతిలో నీళ్లుండవు, దాని పగుళ్లలో ఉంటాయి. ఆరున్నర అంగుళాల బోరు ఆ పగులును తాకితే నీళ్లు, జానెడు పక్కనుంచి పోతే తెల్లటి దుమ్ము. ఇక్కడ చెడిపోయిన వస్తువు ఏదీ లేదు. ‘నీళ్లు పడలేదు’ అని రైతు అనే మాటకు మించినది లేదు. వార్తలో ఉండవలసింది ఎన్ని అడుగులు వేశారు, గట్టి రాయి ఎక్కడ తగిలింది, ముందు భూగర్భ జలాల శాఖవాళ్లతో చూపించుకున్నారా అన్నవి.

రెండోది పడిన నీళ్లు తగ్గడం. రెండంగుళాలు పోసే బోరు అంగుళానికి దిగుతుంది, తరువాత మోటారు వేసిన పావుగంటకే గాలి కొడుతుంది. అది ‘బోరు ఎండింది’. నాలుగు మంచి వానలు పడి చెరువు నిండితే మళ్లీ ఎక్కే ఆశ ఉంటుంది, ‘ఫెయిల్’ అంటే ఆ ఆశ ఉన్నట్టే తోచదు. మూడోది బోరు పూడిపోవడం. పై మన్ను కూలకుండా బోరులో దించే కేసింగు పైపు గట్టి రాతిలోకి దిగి కూర్చోవాలి. డబ్బు మిగులుతుందని ఒకటి రెండు పైపులు తగ్గించి మెత్తటి పొర మీదే ఆపితే, దాని అంచు కిందనుంచి మన్నూ గులకా జారి కొన్నాళ్లకు బోరు నిండుతుంది. గాలి ఒత్తిడితో పూడిక తోసే ఫ్లషింగ్ చేయిస్తే కొంతవరకు తేలుతుంది. ఈ లోపం పని చేసినవాళ్లది, నీటిది కాదు. నాలుగోది పైపు జాయింటు తెగి పంపూ మోటారూ లోపల పడిపోవడం. దాని మీద చెప్పేందుకు పెద్దగా లేదు, తీయగలిగితే తీస్తారు, లేకుంటే బోరు పోయినట్టే.

అయిదోది మోటారు కాలడం. ఎక్కువగా జరిగేదీ ఇదే, రాతలో ఎక్కువగా తారుమారయ్యేదీ ఇదే. బోరులో నీళ్లు నిండుగా ఉన్నా ‘బోరు ఫెయిల్’ అని రాసేస్తున్నారు. త్రీఫేజు మోటారుకు ఒక ఫేజు పోతే, అదే బరువు లాగడానికి మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు సుమారు 1.7 రెట్లు పారుతుంది. కరెంటు పెరిగితే వేడి దాని వర్గం లెక్కన, అంటే ఇంచుమించు మూడింతలు అవుతుంది. వైండింగు (మోటారు లోపలి తీగచుట్ట) మీది పొర కరగడానికి ఎంతోసేపు పట్టదు. 415 వోల్టులు రావలసిన చోట 340, 350 వచ్చినా మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. నీళ్లలో మునిగి తిరిగే సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది దాని పక్కనుంచి పారే నీరే కాబట్టి, నీళ్లు దిగిపోయాక ఒట్టిగా తిరిగినా కాలుతుంది. కాపాడేవి మూడు: ఫేజు పోతే ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్, నేమ్‌ప్లేటు మీద రాసిన ఆంపియర్లకు సరిగ్గా తిప్పి పెట్టి, అంతకు మించితే ఆపే ఓవర్‌లోడ్ రిలే, నీళ్లు లేనప్పుడు ఆపే డ్రైరన్ రక్షణ. రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాని ముల్లును పైకి తిప్పేయడం, తీగ ముక్కతో దాటవేయడం మన స్టార్టరు పెట్టెల్లో మామూలైపోయింది. రిలే మొరాయించడం లేదు, ఎక్కడో వోల్టేజీ పడిందనో, పంపులో ఇసుక పట్టిందనో చెబుతోంది. రీవైండింగు నుంచి తెచ్చిన మోటారును బోరులోకి దించేముందు తీగ మీది పొర గట్టిదనాన్ని కొలిచే 500 వోల్టుల మెగ్గరుతో వైండింగుకూ ఎర్తుకూ మధ్య కొలిచి, ఒక మెగోమ్ కంటే తక్కువ చూపితే దించకూడదు.

దీనికి అతుక్కునే వార్త ‘ట్రాన్స్‌ఫార్మర్ ఫెయిల్’. ఫ్యూజు పోయిందా, చమురు కారిపోయిందా, వైండింగు కాలిందా అన్నది రాయరు. మొదటిది గంటలో బాగయ్యే పని. మూడోదానికి ట్రాన్స్‌ఫార్మరునే దించి మార్చాలి. 25 కేవీఏ సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మరు 5 హెచ్‌పీ మోటార్లు నాలుగింటిని మోయగలదు. దానికి ఎనిమిది తగిలించి అన్నిటికీ ఆటోమేటిక్ స్టార్టర్లు పెడితే, కరెంటు రాగానే ఎనిమిదీ ఒక్క క్షణంలో లేస్తాయి. మొదలయ్యేటప్పుడు మోటారు మామూలుకంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది, ఇక ఫ్యూజు నిలవదు. ‘విద్యుత్ శాఖ వైఫల్యం’ అని రాసే ముందు ఆ స్తంభం కింద నిలబడి మోటార్లు లెక్కపెట్టాలి. అదనపు ట్రాన్స్‌ఫార్మరుకు దరఖాస్తు పెట్టి ఏడాదైనా ఇవ్వలేదని తేలితే, అప్పుడు ‘ఇవ్వని శాఖ’ అని సూటిగా రాయాలి.

వర్షాలు ‘విఫలం’ కావడం గురించి. వాన ప్రయత్నించి ఓడదు. వాతావరణ శాఖ లెక్కలో సాధారణానికి 19 శాతం అటూఇటూ ఉంటే సాధారణమే, 20 నుంచి 59 శాతం తగ్గితే లోటు, 60 శాతం, అంతకు మించి తగ్గితే తీవ్ర లోటు. ఈ మూడు మాటల్లో ఏదో ఒకటి రాస్తే జిల్లా మొత్తానికి అర్థమవుతుంది. కానీ ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉండే మన జిల్లాలో మొత్తం లెక్క ఒక్కటే చాలదు. సీజను మొత్తం సాధారణమని తేలినా, చెనక్కాయ (వేరుశనగ) ఊడలు, అంటే కాయ కట్టే కొనలు, నేలలోకి దిగే వేళ మూడు వారాలు చినుకు లేకపోతే ఊడ గట్టి నేలలోకి దిగదు, దిగినా కాయ ఊరదు. ఆ వాన నెల తరువాత కుండపోతగా వచ్చినా లాభం లేదు. పంట మధ్యలో అలా చినుకు లేని రోజులకు రైతుకు ‘బెట్ట’ అనే మాట ఉంది. విత్తే వేళకు పడకపోతే అదను తప్పింది. పదును (నేలలో చాలినంత తడి) లేక విత్తనం వేయనే లేదంటే అది పంట నష్టం కూడా కాదు, సాగు జరగని భూమి. బీమా లెక్కలోనూ ఈ రెండూ వేరువేరు నష్టాలు. ‘వర్షాలు విఫలం, రైతులు కుదేలు’ అనే శీర్షికలో ఇవన్నీ కలిసిపోతాయి.

విత్తనం కూడా అంతే. ధ్రువీకరించిన వేరుశనగ విత్తనం మొలక కనీసం 70 శాతం ఉండాలి. అంటే నూటికి ముప్పై మొలవకపోయినా అది ప్రమాణం లోపలిదే. మొలవలేదన్న ఫిర్యాదు వస్తే అడగవలసినవి: కాయ కొట్టి ఎన్నాళ్లయింది, ఎంత లోతున పడింది (5 సెంటీమీటర్లు మించితే ఆలస్యం, కుళ్లు), పదును ఉందా, విత్తన శుద్ధి (విత్తే ముందు గింజకు మందు పట్టించడం) చేశారా. మొలిచాక మొదలు దగ్గర నల్లగా కుళ్లి వాలిపోతే అది మొదలుకుళ్లు తెగులు, మొలక లోపం కాదు. విత్తే ముందు నూరు గింజలను తడి గోనెపట్టాలో పరిచి, చుట్టి, నీడన పెట్టి, తడి ఆరకుండా చూసి పదో రోజుకు లెక్కపెడితే ఎవరికి వారికే తెలుస్తుంది. ఆ లెక్కతో పాటు సంచి మీది ట్యాగునూ, బిల్లునూ దాచిన రైతు మాటే వ్యవసాయాధికారి ముందు నిలుస్తుంది.

అప్పు విషయంలో ఇంకో తప్పు జరుగుతోంది. బ్యాంకు భాషలో స్వల్పకాలిక పంటల రుణం రెండు పంట కాలాలు దాటినా కట్టకపోతే మొండి బాకీ అవుతుంది. వెంటనే మన రాతల్లో ఆ రైతు ‘ఎగవేతదారు’ అయిపోతాడు. ఎగవేయడం అంటే ఉండీ కట్టకపోవడం. చెల్లించే శక్తి ఉండీ చెల్లించనివారికి రిజర్వు బ్యాంకు ఉద్దేశపూర్వక ఎగవేతదారు అనే పేరును వేరే పెట్టింది. పంట ఎండిన మనిషికి ‘బాకీ పడ్డ రైతు’ అన్న మాట చాలు.

‘బ్రేకులు ఫెయిల్’ అన్నది రోడ్డు ప్రమాదాల వార్తల్లో పాత అలవాటు. గువ్వలచెరువు ఘాటు లాంటి దిగుడు రోడ్ల మీద ఎక్కువగా జరిగేది బ్రేకు విరగడం కాదు, కాగడం. పై గేరులో దిగుతూ పెడలు మీద కాలు తీయకుండా ఉంటే లైనింగు, డ్రమ్ము వేడెక్కి పట్టు తప్పుతాయి. చల్లారాక అదే బ్రేకు మళ్లీ పడుతుంది. అందుకే ప్రమాదం తరువాత పరీక్షించినవాళ్లకు లోపం కనబడకపోవచ్చు. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడతామో దిగేటప్పుడూ ఆ గేరే వేసి, ఇంజిను పట్టును వాడుకోవాలన్నది దానికి మందు. కార్లలో, చిన్న వ్యాన్లలో పాత బ్రేకు ఆయిలు గాలిలోని తేమ పీల్చి, వేడికి లోపల ఆవిరి బుడగలు కట్టి, పెడలు మెత్తగా అడుగుకు పోతుంది. అది ఆయిలు మార్పించని యజమాని బాధ్యత. లారీల గాలి బ్రేకు వేరు. గాలి బాగా దిగిపోతే వెనక చక్రాల స్ప్రింగు బ్రేకులు వాటంతట అవే బిగుస్తాయి. ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అని డ్రైవరు చెప్పిన మాటను కారణంగా రాసేయకుండా, ‘డ్రైవరు చెబుతున్నాడు’ అని రాసి ఆగడం మంచిది.

ప్రాణం మీది మాట కాబట్టి వైద్యం వార్తలను ఇంకా జాగ్రత్తగా చూడాలి. నడుస్తూ నడుస్తూ కూలిపోయిన మనిషి ‘హార్ట్ ఫెయిల్యూర్‌తో మృతి’ అని రాస్తున్నారు. గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే గుండెపోటు. గుండె కొట్టుకోవడమే ఆగిపోతే కార్డియాక్ అరెస్ట్. హార్ట్ ఫెయిల్యూర్ ఈ రెండూ కాదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒంటికి చాలినంత రక్తాన్ని తోయలేకపోతుంది. ‘గుండె పంపింగు తగ్గింది’ అని డాక్టర్లు రోగికి చెప్పే తెలుగు దానికి చక్కగా సరిపోతుంది. పాదాలు వాయడం, పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవడం, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు బరువెక్కడం దాని గుర్తులు. మందులు వాడుతూ, ఉప్పు తగ్గించుకుని ఏళ్ల తరబడి బతికేవాళ్లున్నారు. వాళ్లు మీ శీర్షిక చదివి, తమ చీటీ మీద అదే మాట చూసుకుని హడలిపోతారు. కార్డియాక్ అరెస్ట్ అయితే నిమిషాల లెక్క. 108కి ఫోను చేసి, రొమ్ము నడుమ 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. వార్తలో సరైన పేరు పడితే పక్కనున్నవాళ్లు చేయవలసిందేమిటో కూడా నాటుకుంటుంది.

‘కిడ్నీలు ఫెయిల్’ కూడా రెండు రకాలు. చేలో రక్తపింజర కరిచి, లేదా ఎండదెబ్బకు ఒళ్లు ఎండిపోయి కొద్ది రోజుల్లో మూత్రం తగ్గిపోతే అది తాత్కాలికంగా దెబ్బతినడం. వేళకు ఆసుపత్రికి చేరితే, కొన్నాళ్లు డయాలిసిస్ చేసినా, చాలామందికి తిరిగి పనిచేస్తాయి. ఏళ్ల తరబడి చక్కెర, రక్తపోటు వల్ల మూత్రపిండాల వడపోత నిమిషానికి 15 మిల్లీలీటర్ల కంటే కిందికి పడిపోవడం వేరు. అక్కడ మామూలుగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల డయాలిసిస్, లేదా కిడ్నీ మార్పిడి. ఏ రకమో రాయకుండా ‘ఫెయిల్’ అనేస్తే, పాము కాటుకు చికిత్స పొందుతున్నవాడి ఇంట్లో ఆశ వదులుకుంటారు.

చివరగా పదో తరగతి. ఇంగ్లీషు ఈ మాటలో చూపే తేడాల్లో పిల్లల మీద నేరుగా పడేది ఒకటుంది. ‘ఫెయిల్డ్’ క్రియ, ఒక పరీక్షలో ఒక రోజు జరిగినది చెబుతుంది. ‘ఎ ఫెయిల్యూర్’ నామవాచకం, మనిషినే ఆ పేరుతో పిలుస్తుంది. తెలుగులో ‘పరీక్ష తప్పాడు’ మొదటిది, ‘విఫలుడు’ రెండోది. 35 రావలసిన చోట 33 వచ్చిన పిల్లవాడికి తప్పింది ఒక్క సబ్జెక్టు. ‘గణితం తప్పిన విద్యార్థులు’ అని రాయండి, ‘ఫెయిలైన విద్యార్థులు’ అని మొత్తంగా రాయకండి. ఫలితాల రోజు పేజీలో ర్యాంకుల ఫొటోల పక్కనే రీకౌంటింగుకు, జవాబు పత్రం పునఃపరిశీలనకు గడువులు, సప్లిమెంటరీ ఫీజు చివరి తేదీ, ఆ రాత్రి మనసు బాగాలేని పిల్లలు ఉచితంగా మాట్లాడగల మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేయండి.

భవదీయులు,
మీ పాఠకులు కొందరు,
అనంతపురం.